ల్యాప్‌టాప్‌కు కొత్త ప్రాసెసర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత ల్యాప్‌టాప్ నెమ్మదించిందని, ప్రాసెసర్ మార్పించుకుంటే మళ్లీ చురుగ్గా పనిచేస్తుందా అని అడుగుతూ చాలామంది పాఠకులు రాశారు. ఒకరి యంత్రానికి సరిపోయే సలహా మరొకరి యంత్రానికి నష్టం చేసే విషయమిది. అందుకే భిన్నమైన పరిస్థితులున్న ప్రశ్నలను ఎంచుకుని ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం.

ప్రశ్న: 2012లో కొన్న ల్యాప్‌టాప్‌ను ఇప్పటికీ వాడుతున్నాను. అందులో ఇంటెల్ కోర్ ఐ5-3210ఎం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి ఐదు నిమిషాలు పడుతోంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలదు. ఐ7 ప్రాసెసర్ వేయించుకుంటే వేగం రెట్టింపవుతుందని మిత్రులు అంటున్నారు. వేయించుకోమంటారా?

జవాబు: మీ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చే వీలు ఉండవచ్చు. కానీ మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, మీ ఇబ్బందికి కారణం ప్రాసెసర్ అయ్యే అవకాశం తక్కువ. ముందు ఆ సంగతి తేల్చుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్లి, యంత్రం మొరాయిస్తున్న సమయంలోనే సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ, డిస్క్ అంకెలను గమనించండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలిచిపోయి, మెమరీ దాదాపు నిండిపోయి, సీపీయూ మాత్రం ఇరవై ముప్ఫై శాతం దగ్గర తిరుగుతుంటే, మీ ప్రాసెసర్ పని ఎక్కువై అలసిపోవడం లేదు. డిస్క్ నుంచి రావలసిన సమాచారం కోసం ఎదురుచూస్తోంది. అలా ఎదురుచూసే ప్రాసెసర్‌ను తీసేసి దాని స్థానంలో ఎంత శక్తిమంతమైనదాన్ని పెట్టినా, అదీ అంతసేపే ఎదురుచూస్తుంది.

ఈ నిరీక్షణ ఎంతటిదో అంకెల్లో చూస్తే నమ్మకం కుదురుతుంది. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌లు ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. అంటే ఒక్క చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం ఉన్న చోటు చదివే తల కిందికి వచ్చేసరికి సగటున అందులో సగం కాలం గడుస్తుంది. ఆ తల ఒకచోటి నుంచి మరొకచోటికి జరగడానికి పట్టే కాలం దీనికి అదనం. విండోస్ తెరుచుకునేటప్పుడు వేలాది చిన్నచిన్న ఫైళ్లు డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్నచోట్ల నుంచి రావాలి కనుక ఈ మిల్లీసెకన్లే పోగుపడి నిమిషాలవుతాయి. హార్డ్‌డిస్క్‌కు బదులుగా వాడే, చిప్‌లలో సమాచారాన్ని దాచే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమేదీ లేదు. అది అదే సమాచారాన్ని మిల్లీసెకనులో పదోవంతు కాలంలోనో అంతకన్నా త్వరగానో అందించగలదు. పైగా 4 జీబీ ర్యామ్ నిండగానే విండోస్ మిగిలిన సమాచారాన్ని అదే హార్డ్‌డిస్క్ మీదికి నెట్టి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. నాలుగు ట్యాబులకే మౌస్ ఆగిపోవడానికి అసలు కారణం ఇదే కావచ్చు.

ఇక ఐ7 సంగతి. మీ ప్రాసెసర్‌లో రెండు కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, ఉన్నాయి. టర్బోలో, అంటే అవసరమైనప్పుడు తాత్కాలికంగా వేగం పెంచుకునే స్థితిలో, అది 3.1 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. అదే తరానికి (అంకెల్లో మొదటిది 3 కనుక మూడో తరానికి) చెందిన ఐ7-3632క్యూఎంలో నాలుగు కోర్లున్నా, దాని టర్బో పరిమితి 3.2 గిగాహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి వీడియోను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చడం, పెద్ద ప్రోగ్రాములను కంపైల్ చేయడం వంటి నాలుగు కోర్లనూ వాడుకునే పనుల్లో గణనీయమైన తేడా కనిపిస్తుంది. ఉత్తరం టైపు చేయడంలో, వెబ్ పేజీ తెరవడంలో దాదాపుగా ఏ తేడా తెలియదు. ఐ7 అన్న పేరు చూసి నాలుగు కోర్లుంటాయని అనుకోవడం కూడా పొరపాటే. అదే తరంలోని ఐ7-3540ఎంలో ఉన్నవి రెండు కోర్లే. అయితే అది 3.7 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది కనుక, ఒక్క కోరు మీదే నడిచే పనులకు నాలుగు కోర్ల ఐ7 కన్నా అదే మెరుగు.

మరో విషయాన్ని కూడా ముందే ఆలోచించుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఆమోదించే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరంతో మొదలవుతుంది. మీ మదర్‌బోర్డు మీద మూడో తరానికి మించి ఏదీ పనిచేయదు. ఎంత మంచి ఐ7 వేసినా ఆ గీత దాటలేరు. ఈ యంత్రాన్ని ఇంకొన్నేళ్లు భద్రంగా వాడదలచుకుంటే లినక్స్ రకాల్లో ఒకదానికి మారడం సరైన మార్గం.

కనుక నా సలహా ఇది. హార్డ్‌డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేయించండి. ర్యామ్‌ను కనీసం 8 జీబీకి పెంచండి. దాన్ని రెండు సమానమైన మాడ్యూళ్లుగా వేస్తే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు కూడా మేలు. మీకు కావలసింది డీడీఆర్3 రకం. డీడీఆర్4 మాడ్యూల్‌కు కోత ఉండే చోటు వేరు కనుక అది ఆ స్లాటులో పట్టదు. ఈ రెండూ చేశాక నెల రోజులు వాడి చూడండి. అప్పటికీ మీ రోజువారీ పనిలో టాస్క్ మేనేజర్ సీపీయూను నిండుగా చూపిస్తుంటే, అప్పుడు ప్రాసెసర్ గురించి ఆలోచించడం న్యాయం.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్ మార్చడానికి వీలైనదో కాదో విప్పకుండా తెలుసుకునే మార్గం ఉందా? ఒకే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే అమరిక) ఉంటే ఏ తరం ప్రాసెసరైనా పెట్టుకోవచ్చా?

జవాబు: మొదట చూడవలసింది కాలం. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో నాలుగో తరం వరకు, అంటే 2013లో వచ్చిన హాస్వెల్ వరకు, సాకెట్‌లో కూర్చునేవి దొరికాయి. ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ కోసం తయారైనవన్నీ బోర్డుకు నేరుగా అతికించేవే. ఏఎండీ కూడా దాదాపు అదే కాలంలో ఆ దారి పట్టింది. ల్యాప్‌టాప్ పలచబడాలంటే సాకెట్ ఎత్తు అడ్డం కావడం ఇందుకు ఒక ముఖ్య కారణం. తరువాతి కాలంలో డెస్క్‌టాప్ ప్రాసెసర్‌నే సాకెట్‌తో సహా ఇమిడ్చిన బరువైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కొన్ని వచ్చాయి కానీ అవి అరుదు.

రెండోది, పేరు చివరి అక్షరం. చివర యూ ఉన్నా, నాలుగో తరంలో హెచ్‌క్యూ ఉన్నా అది అతికించిన రకమే. మూడో తరంలో క్యూఎం, నాలుగో తరంలో ఎంక్యూ, ఎం అక్షరాలున్నవాటిలో సాకెట్ రకం ఎక్కువ. అక్షరాన్నే పూర్తిగా నమ్మడానికి మాత్రం లేదు. మొదటి ప్రశ్నలోని ఐ5-3210ఎం రెండు రూపాల్లోనూ తయారైంది. ఒకే పేరున్న ప్రాసెసర్ ఒక ల్యాప్‌టాప్‌లో సాకెట్‌లో ఉంటే మరొకదానిలో బోర్డుకే అతికి ఉంటుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్యాకేజీ అన్న వరుసలో ఆర్‌పీజీఏ అని కనిపిస్తే సాకెట్ రకమని, బీజీఏ అని కనిపిస్తే అతికించినదని అర్థం. అదీ అప్పుడప్పుడు పొరబడుతుంది కనుక, తయారీదారు ప్రచురించిన సర్వీస్ మాన్యువల్‌తో సరిచూసుకోండి. మీ మోడల్ మాన్యువల్‌లో ప్రాసెసర్‌ను విడి భాగంగా పేర్కొని, తీసే పద్ధతి కూడా వివరించి ఉంటే సందేహం తీరినట్టే. అందులోని విడిభాగాల పట్టికకు మరో విలువ ఉంది. ఆ మోడల్‌లో ఏయే ప్రాసెసర్లను పెట్టి తయారీదారు అమ్మారో అది చెబుతుంది. వాటికి బయాస్ (ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే, బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) మద్దతు ఉంటుందని మీరు నమ్మకంగా ఉండవచ్చు.

ఇక తరాల సంగతి. రెండు, మూడు తరాలకు ఇంటెల్ వాడిన జీ2 సాకెట్‌కు 988 పిన్నులు. మొదటి తరం జీ1 సాకెట్ సంఖ్య కూడా 988యే, అయినా ఒకదానిది మరొకదానిలో పనిచేయదు. నాలుగో తరం జీ3 సాకెట్ పూర్తిగా వేరు. రెండో తరం నుంచి మూడో తరానికి మారడానికి సాకెట్ అనుమతించినా బయాస్ అనుమతించాలి. కొత్త ప్రాసెసర్‌ను గుర్తించి నడిపే సమాచారం బయాస్‌లో లేకపోతే తెర నల్లగానే ఉండిపోతుంది. రెండో తరంతో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదారులు ఆ బయాస్‌ను విడుదల చేయలేదు. అందువల్ల ఒకే తరంలో పైమెట్టుకు వెళ్లడమే అన్నిటికన్నా క్షేమం.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఐ5-8250యూ ఉంది. అది బోర్డుకు అతికించినదే అయినా, వేడి చేసి తీసి ఐ7-8550యూ వేస్తామని ఒక రిపేరు షాపులో చెప్పారు. నమ్మవచ్చా?

జవాబు: చేయగలరా అంటే, సరైన యంత్రాలు, చేయి తిరిగిన పనివారు ఉంటే చేయగలరు. ఆ రెండు ప్రాసెసర్ల అమరిక ఒకటే. అయినా వద్దనే చెబుతాను.

ప్రాసెసర్ అడుగున వెయ్యికి పైగా సన్నని టంకపు బొట్లు ఉంటాయి. సీసం లేని టంకం కరగడానికి సుమారు 217 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆ వేడికి బోర్డు కొద్దిగా వంగినా, పక్కనున్న చిన్న భాగాలు కదిలినా, కొత్తది అతికించేటప్పుడు ఒక్క బొట్టు సరిగా పట్టకపోయినా ల్యాప్‌టాప్ మొత్తం పోతుంది. కొన్నిసార్లు ఆరోజు బాగానే పనిచేసి, వేడెక్కుతూ చల్లారుతూ కొన్ని నెలలు గడిచాక అతుకు వదులుతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో కనిపెట్టడం ఎంతో కష్టం.

ఇంత సాహసానికి దక్కే ఫలితమూ స్వల్పమే. రెండింటిలోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు). రెండూ 15 వాట్ల ప్రాసెసర్లే. కొద్ది క్షణాల పాటు ఐ7 ఎక్కువ వేగం అందుకుంటుంది కానీ, పని నిమిషాల తరబడి సాగితే ఆ 15 వాట్ల హద్దే రెండింటి వేగాన్నీ నిర్ణయిస్తుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో పేరు మీది అంకెకు ఇచ్చే విలువ వాట్లకు ఇవ్వకపోవడం వల్లనే చాలామంది నష్టపోతున్నారు.

నిజంగా మార్పు కావాలంటే, మీ మోడల్‌కే మరింత మెరుగైన ప్రాసెసర్‌తో వచ్చిన మదర్‌బోర్డు దొరుకుతుందేమో చూడండి. విప్పడం, బిగించడం తప్ప వేడి చేసే పని ఉండదు. అయితే విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న బోర్డుకు హీట్‌సింక్ (చిప్‌ల వేడిని లాగేసే లోహపు అమరిక) కూడా వేరుగా ఉంటుంది కనుక రెండూ కలిపి తీసుకోవాలి. బోర్డు మార్చే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని సమాచారానికి రహస్య తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవడం తప్పనిసరి. మీ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, కొత్త బోర్డు మీద ఆ కీ లేకుండా మీ ఫైళ్లు తెరుచుకోవు.

ప్రశ్న: సాకెట్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో ఐ5-4200ఎం తీసి ఐ7-4700ఎంక్యూ వేయించాను. మొదట వేగం బాగా పెరిగింది. ఇప్పుడు వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు పాతదానికన్నా నెమ్మదిగా నడుస్తోంది. రెండుసార్లు దానంతట అదే ఆగిపోయింది. ప్రాసెసర్ పాడైనదా?

జవాబు: ప్రాసెసర్ బాగానే ఉండి ఉండవచ్చు. దానికి కావలసిన చల్లదనం, విద్యుత్తు మీ ల్యాప్‌టాప్ ఇవ్వలేకపోతోందని అనిపిస్తోంది. మీ పాత ఐ5కు తయారీదారు నిర్దేశించిన ఉష్ణ పరిమితి 37 వాట్లు. కొత్త ఐ7కు 47 వాట్లు. పది వాట్లే కదా అనిపించవచ్చు కానీ అది పాతదానిలో నాలుగో వంతు కన్నా ఎక్కువ. 37 వాట్ల వేడిని బయటికి పంపడానికి తగినంత రాగి గొట్టం, ఫ్యాను, రెక్కలు లెక్కగా అమర్చిన పెట్టెలో ఆ అదనపు వేడి ఎటూ పోలేక పోగుపడుతుంది. వేడి హద్దుకు చేరగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి నిమిషాల్లో కనిపించిన వేగం తరువాత మాయమవడానికి కారణం అది.

నెమ్మదించడం, ఆగిపోవడం రెండూ వేర్వేరు లక్షణాలు. కారణాలు కూడా వేరు కావచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో వంటి సాఫ్ట్‌వేర్‌ను తెరిచి ఉంచి అదే వీడియో పని చేయండి. ఉష్ణోగ్రత క్రమంగా పెరుగుతూ వంద డిగ్రీల దగ్గరికి చేరి, ఆ వెంటనే గిగాహెర్ట్జ్ పడిపోతుంటే అది చల్లదనం సమస్య. ఉష్ణోగ్రత డెబ్బై ఎనభై దగ్గరున్నప్పుడే హఠాత్తుగా ఆరిపోతుంటే అనుమానించవలసింది విద్యుత్తును. మీ చార్జర్ మీద 65 వాట్లు అని ఉందేమో చూడండి. టర్బోలో ఉన్నప్పుడు ప్రాసెసర్ కొద్దిసేపు తన 47 వాట్ల పరిమితిని కూడా దాటుతుంది. దానికి తెర, డిస్క్, ఫ్యాను, బ్యాటరీ చార్జింగ్ తోడైతే 65 వాట్లు చాలవు. ఆ మోడల్‌కు తయారీదారు 90 వాట్ల చార్జర్‌ను అనుమతించి ఉంటే దాన్ని వాడి చూడండి. అయినా ఆగిపోతుంటే, బోర్డు మీద ప్రాసెసర్‌కు విద్యుత్తును అందించే భాగాలే ఆ భారాన్ని మోయలేకపోతున్నాయని అనుకోవాలి. అప్పుడు ఆ ప్రాసెసర్‌ను అందులో కొనసాగించకండి.

కారణం వేడేనని తేలితే మరమ్మతుకు వరుస ఉంది. ముందు ఫ్యాను, రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము తీయించండి. ఫ్యాను తిరగకుండా పట్టుకుని గాలి కొట్టాలి. తరువాత హీట్‌సింక్ విప్పి చూడండి. ప్రాసెసర్ మార్చినవారు పాత థర్మల్ పేస్ట్‌ను (ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే ముద్దను) పూర్తిగా తుడవకుండా దాని మీదే కొత్తది వేసి ఉండవచ్చు, లేదా ఒకవైపు స్క్రూను ముందే గట్టిగా బిగించి హీట్‌సింక్‌ను వాలుగా కూర్చోబెట్టి ఉండవచ్చు. ఈ రెండూ రిపేరు పనిలో తరచుగా జరిగేవే. ఈలోగా పని ఆగకూడదనుకుంటే విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గించండి. ఒక్క శాతమే తగ్గించినట్టు కనిపించినా దానివల్ల టర్బో ఆగిపోతుంది. వేడి చెప్పుకోదగినంత తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా నిలవకపోతే ఐ7-4702ఎంక్యూ గురించి ఆలోచించండి. అందులోనూ నాలుగు కోర్లే, అయితే పరిమితి మీ పాత ప్రాసెసర్‌తో సమానంగా 37 వాట్లు. వేగం కాస్త తక్కువే అయినా మీ ల్యాప్‌టాప్ దాన్ని గంటల తరబడి నిలకడగా నడపగలదు. వీడియో పనికి కావలసింది ఆ నిలకడే.

ప్రశ్న: సాకెట్ ఉంది, సరిపోయే ప్రాసెసర్ కూడా ఎంచుకున్నాను. పని నేనే చేసుకోవాలని ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మొదటి జాగ్రత్త విప్పకముందే తీసుకోవాలి. పాత ప్రాసెసర్ ఉండగానే, చార్జర్, బ్యాటరీ రెండూ పెట్టి ఉంచి, బయాస్‌ను తయారీదారు ఇచ్చిన తాజా రూపానికి మార్చండి. మీ ఫైళ్లను వేరొకచోట భద్రపరచండి. ఇప్పుడు ఈ ప్రాసెసర్లు దాదాపుగా వాడినవే దొరుకుతాయి కాబట్టి, కొన్న చిప్‌ను చేతికి రాగానే పరీక్షించండి. పిన్నుల వరుసలను వెలుతురులో పక్కనుంచి చూస్తే వంగినది ఉంటే తెలిసిపోతుంది. పైన మోడల్ పేరుకు బదులు ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ముద్రించి ఉంటే అది పరీక్షల కోసం తయారైన నమూనా. దాన్ని తిరిగి ఇచ్చేయండి.

తరువాత షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిది ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే అది అవతలి వైపుకు పొడుచుకు వస్తుంది. అందుకే ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే అంటించుకోవడం మంచిది. పనిలో పనిగా, దిగే ముందు ఎర్త్ ఉన్న లోహాన్ని తాకి ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకోవడం మరవకండి.

హీట్‌సింక్ దగ్గరికి వచ్చాక తొందర పనికిరాదు. డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఉన్నట్టుగా వీటిలో చాలావాటికి పైన లోహపు మూత ఉండదు. మధ్యలో నగ్నంగా ఉన్న సిలికాన్ పలక మీదే హీట్‌సింక్ నేరుగా కూర్చుంటుంది. ఒక మూలను బలవంతంగా ఎత్తినా, ఒకవైపు మాత్రమే బిగించినా ఆ పలక అంచు విరగవచ్చు. హీట్‌సింక్ స్క్రూల పక్కన అంకెలు చెక్కి ఉంటే బిగించేటప్పుడు ఆ వరుసను పాటించండి. ఒక్కొక్కటి కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు మూడు విడతల్లో బిగించండి. పాత పేస్ట్ గట్టిగా పట్టి ఉంటే లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పండి.

సాకెట్ పక్కన ఒక గీతతల స్క్రూ ఉంటుంది. దాన్ని బల్లతల స్క్రూడ్రైవర్‌తో, తెరిచిన తాళం గుర్తు వైపు ఆగేవరకు తిప్పితే పిన్నుల మీద పట్టు వదులుతుంది. అప్పుడు ప్రాసెసర్‌ను నిటారుగా పైకి ఎత్తండి. కొత్తదాని మూలనున్న చిన్న త్రిభుజాన్ని సాకెట్ మీది గుర్తుతో సరిచూసి పెడితే, అది తన బరువుకే లోపలికి దిగాలి. దిగలేదంటే పెట్టిన దిశ తప్పయినా అయి ఉంటుంది, పిన్ను వంగయినా ఉంటుంది. వేలితో నొక్కితే రెండూ చెడిపోతాయి. సరిగా కూర్చున్నాక స్క్రూను తిరిగి తాళం వేసిన గుర్తు వైపు తిప్పండి.

పాత పేస్ట్‌ను హీట్‌సింక్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో తుడిచి, సిలికాన్ పలక మీద మాత్రమే పలచని పొరగా కొత్త పేస్ట్ వేయండి. మూత లేని పలక కాబట్టి ఏ మూలా ఖాళీగా మిగలకూడదు. గ్రాఫిక్స్ మెమరీ చిప్‌ల మీద మెత్తని ప్యాడ్‌లు ఉంటే వాటి స్థానంలో పేస్ట్ వేయకండి. అక్కడి సందు పేస్ట్‌తో పూడేది కాదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర వెలగడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టవచ్చు, ఒకసారి తనంతట తానే రీస్టార్ట్ కావచ్చు. బయాస్‌లో కొత్త ప్రాసెసర్ పేరు కనిపించాక అరగంట పాటు బరువైన పని ఇచ్చి ఉష్ణోగ్రత చూడండి. ఆ తరువాతే అడుగు మూత స్క్రూలన్నీ బిగించండి.

ప్రశ్న: ప్రాసెసర్ మారిస్తే విండోస్ మళ్లీ వేయాలా? లైసెన్స్ పోతుందా?

జవాబు: అక్కర్లేదు. ఒకే బోర్డు మీద ఒకే తరం ప్రాసెసర్ మార్చినప్పుడు విండోస్ దానంతట అదే సర్దుకుంటుంది, లైసెన్స్ సాధారణంగా చెక్కుచెదరదు. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది మదర్‌బోర్డు మార్చినప్పుడే.

ప్రశ్న: త్వరలో కొత్త ల్యాప్‌టాప్ కొనబోతున్నాను. తరువాత అవసరమైతే మెరుగుపరచుకునేలా ఏది చూసి కొనాలి?

జవాబు: ప్రాసెసర్‌ను తరువాత మార్చుకోవచ్చన్న ఆశ పెట్టుకోకండి. ఖర్చు చేయగలిగినంతలో మంచి ప్రాసెసర్‌ను కొనే రోజునే ఎంచుకోండి. పేరు చివర యూ ఉంటే బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి, హెచ్ ఉంటే బరువైన పనులకు, హెచ్ఎక్స్ ఉంటే మరింత బరువైన పనులకు తయారైనదని స్థూలంగా అనుకోవచ్చు. హెచ్ఎక్స్ రకం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి వచ్చినదే అయినా, అదీ బోర్డుకు అతికించి ఉంటుంది. ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే వేగంతో పనిచేయవని కూడా గుర్తుంచుకోండి. ఎంత విద్యుత్తు ఇవ్వాలో, ఎంత చల్లబరచాలో తయారీదారు నిర్ణయిస్తారు కనుక, సమీక్షల్లో పది ఇరవై నిమిషాల పని తరువాత వచ్చిన ఫలితాలను వెతికి చదవండి.

ర్యామ్ విషయంలో ఇప్పుడు మరింత జాగ్రత్త అవసరం. పలచని ల్యాప్‌టాప్‌లలో ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీని బోర్డుకే అతికిస్తున్నారు. ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ వరుసలోనైతే మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. 16 జీబీ కొంటే చివరిదాకా 16 జీబీయే. అలాంటిది కొనేవారు నేటి అవసరాన్ని కాక ఐదేళ్ల తరువాతి అవసరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్లాట్లున్న మోడల్ దొరికితే మిగిలిన విషయాల్లో కాస్త వెనుకబడినా దానికే నా ఓటు. అదే మెమరీని మార్చుకోవడానికి వీలుగా అందించే ఎల్‌పీక్యామ్2 అనే కొత్త మాడ్యూల్ 2024లో కొన్ని ల్యాప్‌టాప్‌లలో వచ్చింది. అది మరిన్ని మోడళ్లకు విస్తరించాలని మనసారా కోరుకుంటున్నాను.

ప్రాసెసర్‌ను మార్చుకునే వీలు పూర్తిగా అంతరించిపోలేదు. 2021లో మొదటి ల్యాప్‌టాప్‌ను తెచ్చిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ, అదే పెట్టెలో పట్టేలా కొత్త తరం ప్రాసెసర్లున్న మదర్‌బోర్డులను విడిగా అమ్ముతోంది. 2023 నుంచి ఏఎండీ బోర్డులు కూడా ఇస్తోంది. తెర, కీబోర్డు, పెట్టె అవే ఉంచి బోర్డు ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే ఇంటెల్ పన్నెండో, పదమూడో తరాల వరకు వచ్చిన ఆ సంస్థ 13 అంగుళాల ల్యాప్‌టాప్‌లు డీడీఆర్4 వాడాయి, ఏఎండీ బోర్డులు డీడీఆర్5 అడుగుతాయి. కనుక అలాంటి మార్పుకు సిద్ధపడేవారు కొత్త బోర్డు ధరకు కొత్త ర్యామ్ ధరను కూడా కలిపి చూసుకోవాలి.